బతాకా మీద తేదీ

పెళ్లయ్యాక మూడేళ్లు మేమిద్దరం ఒమన్‌లోనే ఉన్నాం గానీ, ఒక్క గదిలో ఒక్క రోజు కూడా లేం. వినేవాళ్లకి వింతగా ఉంటుంది, మాకు మాత్రం అలవాటైపోయింది. బావ రూవిలో ఏసీలు బిగించే కంపెనీలో పని చేసేవాడు. ఆరుగురున్న రూమ్‌లో రెండంతస్తుల మంచం పైభాగం అతనిది. నేను సమాయిల్‌లో ఒక ఒమానీ ఇంట్లో పెద్దావిడని కనిపెట్టుకుని ఉండే పనిలో ఉన్నాను. అతని రూమ్‌లోకి ఆడవాళ్లు రాకూడదు, నేనుండే ఇంట్లోకి బయటి మగవాళ్లు రాకూడదు. నెలకి రెండు శుక్రవారాలు అతనే బస్సెక్కి వచ్చేవాడు. రోడ్డు పక్కన మలయాళీ కాఫీ షాపులో ఎదురెదురుగా కూర్చుని, పరోటాలు తిని, కరక్ చాయ్ రెండుసార్లు తాగి, ఎవరి డ్యూటీకి వాళ్లం వెళ్లిపోయేవాళ్లం. మా సంసారమంతా ఆ ప్లాస్టిక్ కుర్చీల్లోనే జరిగింది.

అతను మా మేనత్త కొడుకు. తాళి కట్టకముందూ బావే, కట్టాకా బావే. మాది గోదావరి జిల్లాలో కాలవ గట్టు మీద ఊరు. మా ఇద్దరికీ ఒకళ్ల గురించి ఒకళ్లకి తెలియనిది ఏమీ లేదని మా ఇళ్లలో అందరూ అనేవాళ్లు. మేమూ అలాగే అనుకున్నాం.

వియత్నాం పిచ్చి బావకి ఆ పై మంచం మీదే పట్టుకుంది. ఎవరో ఒక జంట, భుజాన చెరో సంచీ వేసుకుని వియత్నాంలో ఊరూరా తిరుగుతూ, సముద్రం ఒడ్డున పడుకుంటూ, రోడ్డు పక్కన పీటల మీద కూర్చుని నూడుల్సు తింటూ తీసుకున్న వీడియోలు చూసేవాడు. చూసి ఊరుకోకుండా నాకు పంపేవాడు. "ఇదిగో, ఈ పిల్ల కూడా నీలాగే మొగుణ్ణి కసురుతోంది" అని కింద రాసేవాడు. ఏడాది పాటు నా ఫోన్ నిండా ఆ పిల్లా, ఆ మొగుడే. తర్వాత ఒక శుక్రవారం టీ తాగుతూ తనే తేల్చేశాడు.

"వియత్నాం మన వల్ల కాదు గానీ, ఇక్కడి సముద్రం ఏం పాపం చేసిందే? రెండు బ్యాగులేసుకుని ఒడ్డమ్మటే సూర్ దాకా ఎల్దాం. బస్సు దొరికితే బస్సు, లేపోతే ఎవడో ఒకడు ఎక్కించుకుంటాడు. మళ్లీ ఇంటికి ఎల్లిపోయేక ఎక్కడ కుదురుద్ది?"

ఇంటికి వెళ్లిపోవడం అంటే సెలవుకి కాదు. ఆ చలికాలంతో ఇక్కడి పని చాలించి ఇద్దరం ఊరు చేరిపోవాలని అంతకు ఏడాది ముందే అనుకున్నాం. అనుకున్నాం అంటే, బావ అన్నాడు, నేను తలూపాను. మా ఊరి బస్టాండు ఎదురుగా టిఫిన్ల కొట్టు పెట్టాలి. పెసరట్లు అతను వేస్తాడు, చట్నీలు నేను రుబ్బుతాను. పొయ్యికి ఎవరు ఎటువైపు నిలబడాలో కూడా అతనికి తెలుసు. కంపెనీలో రాజీనామా ఇచ్చేశాడు, క్యాన్సిలేషన్ కాగితాలు కూడా నడుస్తున్నాయి.

ఆ ప్రయాణానికి పది రోజుల ముందు నేను ఇంకో రెండేళ్లకి సంతకం పెట్టాను.

ఇంటావిడని ఇక్కడ పనివాళ్లం మామా అంటాం. ఆవిడ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి, ఉంటావా అని అడిగింది. నేను ఆలోచించను కూడా లేదు. ఎందుకు పెట్టానో దాపరికం లేకుండా చెప్పేస్తాను. ఆ ఇంట్లో నాకొక గది ఉంది. చిన్నదే, ఇస్త్రీ బల్ల కూడా అందులోనే ఉంటుంది. కానీ దానికి లోపలి నుంచి గడియ ఉంది. నాకంటూ గడియ ఉన్న గది పుట్టాక అదే మొదటిది. పెద్దావిడ నేను తిన్నానో లేదో అడిగాకే తను తింటుంది. మొదట్లో ఆవిడ మాట నాకూ నా మాట ఆవిడకీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, ఇప్పుడు హాయిగా పోట్లాడుకునేంత అరబ్బీ వచ్చేసింది నాకు. ఊరికెళ్తే తెల్లారకుండానే లేచి పప్పు రుబ్బాలి, పొగలో నిలబడాలి, ఎవరేమన్నా నవ్వాలి. నాకు వెళ్లాలని లేదు. బావంటే ఇష్టం లేక కాదు. ఇష్టమే, అందుకే ఇంత తంటా.

ప్రయాణంలో చెబుదామనుకున్నాను. సముద్రం ఒడ్డున చెబితే ఆ గాలికి కోపం కాస్త చల్లబడుతుందని నా లెక్క. మామూలుగా నేను పిరికిదాన్ని కాదు. మామాతో కూడా ఎదురు మాట్లాడతాను. బావ దగ్గరే నోరు పెగలదు, ఎందుకంటే అతను అరవడు. అరిచేవాళ్లయితే మనమూ అరిచి తేల్చుకోవచ్చు.

మామా కూతురు కాలేజీ సెలవులకి వచ్చింది కాబట్టి పెద్దావిడ దగ్గర ఆ అమ్మాయి ఉంటుందని నాకు నాలుగు రోజులు సెలవిచ్చారు. "ఎల్లిపోతున్నావని అభిమానంతో ఇచ్చుంటారే" అన్నాడు బావ. నేను ఊఁ అన్నాను.

ఇక్కడో సంగతి చెప్పాలి. ఈ దేశంలో రెసిడెంట్ కార్డుని మేమంతా బతాకా అంటాం. ఫొటో, పేరు, ఎప్పటిదాకా ఉండొచ్చో ఆ తేదీ అన్నీ దాని మీదే ఉంటాయి. అది లేకుండా గడప దాటకూడదు, పోలీసు అడిగితే చూపించాలి, ఎక్కడ దిగినా చూపించాలి. "బతాకా మర్చిపోకే" అని బావ ఫోన్‌లో మూడుసార్లు చెప్పాడు. పాత బతాకా పట్టుకుని కొత్తది ఇచ్చేశారు కదా, దాని మీద రెండేళ్ల తర్వాతి తేదీ తళతళలాడుతోంది. సంచీలో దాద్దామంటే కుదరదు. ఏ సంచీ కనబడినా అంతా బయటికి తీసి మడతలు సరిచేసి మళ్లీ సర్దితే గానీ బావకి నిద్ర పట్టదు. ఆఖరికి ఫోన్ కవరు తీసి, ఫోన్‌కీ కవరుకీ మధ్యన దోపాను. బయల్దేరిన దగ్గర్నుంచీ ఆ ఫోన్‌ని చంటిపిల్లలా చంకనేసుకు తిరిగాను.

రూవిలో ఉదయం పూట బైజా బస్సు ఎక్కాం. బస్సని పేరే గానీ అది జనం నిండాక కదిలే చిన్న వ్యాను. బావ వీపు మీద రూమ్మేట్ దగ్గర ఎరువు తెచ్చిన టెంటు, చిన్న గ్యాస్ పొయ్యి, బియ్యం, కందిపొడి. నా వీపు మీద బట్టలు. ఖురియాత్‌లో దిగేసరికి మధ్యాహ్నమైంది. సముద్రం దగ్గర్లో ఒక చవక గెస్ట్‌హౌస్ కనబడింది. బావ మొహం వెలిగిపోయింది. ఫ్యానున్న గది, తలుపున్న గది, ఇద్దరికీ కలిపి ఒక గది.

కౌంటర్లో నడివయసు బంగ్లాదేశీ ఉన్నాడు. "దోనో కా బతాకా దో" అన్నాడు. బావ తనది తీసి పెట్టాడు. నేను సంచీలో చెయ్యి పెట్టి, లేనిదాన్ని వెతకడం మొదలుపెట్టాను. చీరలు, తువ్వాలు, దువ్వెన అన్నీ కెలికాను. నా అదృష్టం కొద్దీ అతను ఈలోగా ఇంకోటి అడిగాడు.

"షాదీ కా కాగజ్?"

బావ నవ్వాడు. పాస్‌పోర్టుకి నేను పెళ్లికి ముందే పెట్టుకున్నాను, భర్త పేరు ఉండాల్సిన చోట అందులో ఖాళీ. పెళ్లి రిజిస్టరు చేయించాలన్న ఆలోచన మా ఇళ్లలో ఎవరికీ రాలేదు, మేనరికానికి కాగితమేమిటని. అందుకని బావ చటుక్కున నా చేతిలో ఫోన్ లాక్కున్నాడు. "ఫొటో హై భాయ్, దేఖో." నా పైప్రాణాలు పైనే పోయాయి. అతని నాలుగు వేళ్లూ సరిగ్గా బతాకా మీదే ఉన్నాయి. బొటనవేలితో మా పెళ్లి ఫొటోలు ఒకటొకటే జరిపాడు. జీలకర్రా బెల్లం, తాళి, తలంబ్రాలు పోసుకుని కళ్లు మూసుకున్న నేను. ఆ మనిషి ఒక్కటీ వదలకుండా చూశాడు. లావుపాటి మా పెదనాన్న ఎవరని కూడా అడిగి తెలుసుకున్నాడు. అంతా అయ్యాక, ఫొటోలు అందరి దగ్గరా ఉంటాయి, కాగితం లేకపోతే గది లేదు అన్నాడు.

బావ బతిమాలడానికి గొంతు సవరించుకుంటుంటే నేను ఫోన్ లాగేసుకున్నాను.

"పోనీలే బావా. టెంటుంది కదా. గదిలో పడుకోడానికైతే ఇంత దూరం రావాలా ఏంటి?"

అతను నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "నువ్వేనే ఈ మాటంటున్నది? ఫ్యాను కిర్రుమంటే కాఫీ షాపువాణ్ణి పీకి పందిరేసేదానివి! అచ్చం వియత్నాం పిల్లలా తయారయ్యేవే."

అతను నన్ను మెచ్చుకుంటున్నాడు. నిలబడలేక, పద పద అని ముందు నడిచాను.

అక్కణ్ణించి మొదలు, ఒకచోట కుదురుగా కూర్చోలేదు నేను. ఖురియాత్ ఒడ్డున చేపల పడవలు చూస్తూ పావుగంట కూర్చున్నామో లేదో, పద బావా అన్నాను. కూర్చుంటే మాటలొస్తాయి, మాటలొస్తే కొట్టు గొడవ వస్తుంది. రోడ్డు మీదికొచ్చి చెయ్యెత్తితే ఒక బలూచీ ముసలాయన వలలున్న పికప్‌లో వెనక ఎక్కించుకున్నాడు. గాలికి చున్నీ నోట్లోకి వస్తుంటే, పక్కన సముద్రం నీలంగా పరిగెడుతుంటే, బావ ఆనందం పట్టలేక ఏదో పాడుతున్నాడు. ఎప్పుడూ ఇలా కదులుతూనే ఉంటే చాలు, ఎక్కడా దిగక్కర్లేదు అనిపించింది నాకు.

ఫిన్స్ దగ్గర తెల్లటి రాళ్ల ఒడ్డున దింపాడాయన. పొద్దు వాలుతుండగా బావ టెంటు వేశాడు. అక్కడక్కడా ఇంకో రెండు మూడు టెంట్లున్నాయి, మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆ దేశంలో సముద్రం ఒడ్డుకి మాత్రం పెళ్లి కాగితం అక్కర్లేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే బావ కొట్టుకి ఏ రంగు బోర్డు బాగుంటుందని అడిగాడు. ఆకుపచ్చా, పసుపా? చెప్పడానికి అంతకంటే మంచి సందు దొరకదు. నోరు తెరిచాను.

"పసుపే బాగుంటుంది" అన్నాను.

"నేనూ అదే అనుకున్నానే" అన్నాడు సంతోషంగా.

మర్నాడు పొద్దున్న ముందు మెలకువ వచ్చింది నాకే. టెంటు గుడ్డలోంచి ఎర్రటి వెలుగు పడుతోంది. మూడేళ్ల తర్వాత నా పక్కన నిద్రపోతున్న నా మొగుణ్ణి చూశాను. గురక కొత్తది నేర్చుకున్నాడు, ఆ ఆరుగురిలో ఎవరి దగ్గరో. చెవి పక్కన నాలుగు తెల్ల వెంట్రుకలు వచ్చాయి, ప్లాస్టిక్ కుర్చీల్లో ఎదురుగా కూర్చున్నప్పుడు అవి కనబడవు. చెయ్యి చాపి ముట్టుకోబోయాను. వీపు కింద ఫోన్ గట్టిగా ఒత్తుకుంది. లేచి బయటికొచ్చేశాను.

ఆ రోజు తివి వెళ్లాం. అక్కడ వాదీ షాబ్ అని కొండల మధ్య నీటి చీలిక ఉంది. చిన్న పడవలో ఇవతలి గట్టు నుంచి అవతలికి దాటి, రాళ్ల మీద గంట నడిస్తే లోపల మడుగులు. నీళ్లు ఎంత పచ్చగా, ఎంత తేటగా ఉన్నాయంటే కింద గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. నేను కాలవలో పుట్టి పెరిగినదాన్ని. మా ఊళ్లో మగపిల్లలతో పందెం వేసి అవతలి గట్టు ముట్టుకొచ్చేదాన్ని. మూడేళ్లుగా బాత్రూమ్ బకెట్టు తప్ప నీళ్ల మొహం ఎరగను. ఆ మడుగు చూడగానే నా ఒళ్లంతా లాగేసింది.

"దూకు, దూకు" అన్నాడు బావ. "ఫోన్ ఇలా ఇయ్యి, నేను పట్టుకుంటాను. నువ్వొచ్చేక నేను దిగుతాను."

చెయ్యి చాపి నిలబడ్డాడు. రెండు సంచీలూ అతని దగ్గరే ఉన్నాయి. రాయి మీద పెడదామంటే చుట్టూ జనం. నా చెయ్యి ఫోన్ మీద బిగుసుకుపోయింది.

"ఒంట్లో బాలేదు బావా. బయటున్నాను" అన్నాను.

పచ్చి అబద్ధం. అతను గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ముందే చెప్పొచ్చు కదే, ఇంత దూరం నడిపించేసేను" అని నొచ్చుకున్నాడు. నన్ను నీడలో కూర్చోబెట్టి, ఫ్లాస్కులో మిగిలిన టీ పోసిచ్చాడు. నేను మరీ మరీ చెబితే తను దిగాడు. నీళ్లలోంచి తల బయటపెట్టి, "నువ్వుంటే నన్ను ఓడించేసేదానివి" అని అరిచాడు. కొండలకి తగిలి ఆ మాట రెండుసార్లు వినబడింది. తిరిగొచ్చేటప్పుడు నా సంచీ కూడా అతనే మోశాడు. ముందు సంచీ, వెనక సంచీ, చేతిలో టెంటు. నేను ఊరికే చేతులూపుకుంటూ అతని వెనక నడుస్తూ, నన్ను నేను ఎన్ని తిట్టుకోవాలో అన్నీ తిట్టుకున్నాను. అయినా చెప్పలేదు.

ఆ రాత్రి కూడా తివి ఒడ్డున టెంటులోనే. మూడో రోజు పొద్దున్నే బస్సెక్కి సూర్‌లో దిగాం. సూర్‌లో గాలి విపరీతంగా ఉంది, టెంటు మేకులు ఇసకలో నిలబడలేదు. రెండుసార్లు కూలింది. మూడోసారి బావ దాన్ని చుట్టేసి, "ఇంక లాభం లేదే. నీకు ఒంట్లో బాలేదు కూడాను. ఎన్ని చోట్ల అడగాలో అన్ని చోట్లా అడుగుతాను, గది దొరక్కపోదు" అన్నాడు. నేను ఎంత వద్దన్నా వినలేదు. వినకపోవడానికి నా అబద్ధమే కారణం.

మొదటి చోటే దొరికింది. కౌంటర్లో గడ్డం నెరిసిన పెద్దమనిషి మా మాటలు విని లేచి నిలబడ్డాడు.

"తెలుగోళ్లేనా అమ్మా? యా ఊరు మీది? మాది కడప. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. సూర్‌లో తెలుగు మాట ఇని ఎన్ని దినాలైండాదో!"

బావ పెళ్లి కాగితం సంగతి తనే ముందుగా, తలొంచుకుని చెప్పేశాడు. ఆయన నవ్వాడు. "కాగితం ఏందయ్యా? రెండు కండ్లుండాయి కదా నాకు. ఆ యమ్మ నిన్ను కసురుకునే తీరు చూస్తే తెలీడంల్యా? ఊరికే ఇద్దరి బతాకాలు ఇయ్యండి చాలు, కంప్యూటర్లో ఎక్కించల్ల. అర్బాబు అడుగుతాడు."

అర్బాబు అంటే యజమాని. ఇంక నాకు అడ్డం పెట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. మా మీద దయ చూపించిన ఒకే ఒక్క మనిషి చేతిలో దొరికిపోయాను. బావ తన బతాకా పెట్టాడు. ఇద్దరూ నా వైపు చూశారు. సంచీలో వెతుకుదామా, పోయిందందామా, కళ్లు తిరిగి పడిపోదామా అని ఎన్నో అనుకున్నాను. ఆఖరికి ఫోన్ కవరు వెనక నుంచి ఊడదీసి, బతాకాని బోర్లా పెట్టాను. బావ అది నేను ఎక్కణ్ణించి తీశానో చూశాడు. అప్పటికింకా అర్థం కాలేదు, నవ్వుతూనే ఉన్నాడు, ఏం జాగ్రత్త అన్నట్టు.

ఆయన దాన్ని తిరగేసి కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"అబ్బో! కొత్తది! ఇంగా రెండేండ్లు ఉండాది. ముబారక్ అమ్మా. ఈ కాలంలో రెన్యూవల్ చేసేటోళ్లు యాడుండారు? నీది మాత్రం అయిపోతా ఉండాదే అబ్బాయ్, నువ్వు చేయించుకోలా?"

బావ చెయ్యి చాపి నా బతాకా తీసుకున్నాడు. తేదీ చూశాడు. తర్వాత జాగ్రత్తగా కౌంటర్ మీద పెట్టి, "నేను ఎల్లిపోతున్నానండి" అన్నాడు.

తాళం చెవి ఇచ్చారు. గది బాగుంది. తెల్లటి దుప్పటి, కిటికీలోంచి సముద్రం ముక్క, తలుపుకి గడియ. ఐదు నిమిషాలు ఉన్నామేమో అందులో. అతను సంచీలు దింపి, వాటిని విప్పలేదు, సర్దలేదు. బూట్లతోనే మంచం అంచున కూర్చుని లేచి, బయటికి నడిచాడు. నేను వెనకాలే వెళ్లాను.

ఎక్కడికని అడగలేదు, అతనికీ తెలిసుండదు. చేపల మార్కెట్టు దాటాడు, ఒడ్డమ్మటే నడిచాడు. చెక్క పడవలు తయారు చేసేచోట ఎముకల గూడులా నిలబెట్టిన పెద్ద పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు, చూడకుండానే. ఎండ మాడ్చేస్తోంది. పది అడుగుల వెనక నేను. ఆగమని పిలవడానికి నాకే మొహం లేదు. రెండు రోజులుగా పద పద అని అతన్ని పరిగెత్తించింది నేను, ఇప్పుడు నా వంతు వచ్చింది. ఆఖరికి అవతలి గట్టున ఉన్న ఐజా వైపు వెళ్లే తీగల వంతెన మధ్యలో ఆగి, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కింద ఆటుకి నీళ్లు వెనక్కి తీస్తున్నాయి, పడవలు బురదలో ఒరిగి ఉన్నాయి.

"ఎప్పుడు పెట్టేవు సంతకం?"

"మనం బయల్దేరడానికి పది రోజుల ముందు."

"ఒంట్లో బాలేదన్నది?"

"అబద్ధం. ఫోన్ నీ చేతికి ఇవ్వలేక."

అతను తలూపాడు. అరుస్తాడేమోనని చూశాను, అరిచుంటే బాగుండేది. నేనే అరిచాను.

"నాకు ఆ కొట్టు వద్దు బావా! తెల్లారకుండా లేచి నేను రుబ్బలేను. అక్కడికెళ్తే నేను మళ్లీ మన ఇళ్లలో ఒకదాన్ని అయిపోతాను. ఇక్కడ నాకు గది ఉంది. నెలనెలా నా పేరు మీద జీతం ఉంది. ఆ ముసలావిడ ఉంది. నాకు ఇక్కడే బాగుంది. నువ్వు పక్కన లేకపోయినా బాగుంది, ఏం చెయ్యను? అది నీకెలా చెప్పను?"

అలా అనేశాక నాకే భయం వేసింది. అంత మాట అనాలని నేను అనుకోలేదు, కానీ అది నిజమే. దారిన పోతున్న ఒక ఒమానీ కుర్రజంట మమ్మల్ని తప్పుకుని వెళ్లారు.

"మరి ముందే చెప్పొచ్చు కదే" అన్నాడు.

"చెబితే వద్దంటావని."

"ఎప్పుడైనా వద్దన్నానా నేను?"

ఆలోచించాను. నిజంగా ఆలోచించాను. చిన్నప్పుడు కాలవలో దూకుతానంటే వద్దనలేదు. గల్ఫ్ వస్తానంటే మా ఇంట్లో అందరూ వద్దన్నా అతను అనలేదు. నా వెనకే తనూ వీసా తెచ్చుకుని వచ్చాడు.

"కొట్టు పెడదామని నేనన్నాను. నువ్వు తలూపేవు. ఊపితే ఇష్టమే అనుకున్నాను" అన్నాడు. తర్వాత నీళ్ల వైపు చూస్తూ, చాలా మామూలుగా, "నన్ను అడిగుంటే నేనూ ఉండేవాణ్ణి కదే. రాజీనామా ఇచ్చేవాణ్ణి కాదు" అన్నాడు.

అతనేమంటాడో అతని బదులు నేనే అనేసుకుని, ఆ జవాబు మీద కోపం తెచ్చుకుని, సంతకం పెట్టేశాను. ఇన్నేళ్లలో సిగ్గుతో నేను తలెత్తలేకపోయిన రోజు అదే.

"ఇప్పుడు ఆపలేవా? కంపెనీలో అడగలేవా?"

"నా జాగాలో మనిషి వచ్చేసేడు. బతాకా క్యాన్సిల్ అవుతోంది. ఇంక ఎల్లడమే."

ఆ సాయంత్రం గదిలోనే ఉన్నాం. అతను టెంటు నేల మీద పరిచి, ఇసకంతా దులిపి, మడతలు సరిచేసి చుట్టాడు. నేను మంచం మీద కూర్చుని చూశాను. మధ్యలో కడప ఆయన రెండు ప్లేట్లలో బిర్యానీ పంపించాడు, డబ్బులు వద్దన్నాడు. అది తిన్నాం. ఏవో మాట్లాడుకున్నాం కూడా, బస్సు ఎన్నింటికి, రూమ్మేట్‌కి టెంటు ఎప్పుడిస్తావు, అలాంటివి. నాలుగో రోజు రూవి దాకా పక్కపక్కన కూర్చుని వచ్చాం. నన్ను సమాయిల్ బస్సెక్కించి, కిటికీలోంచి సంచీ అందించి, జాగ్రత్త అన్నాడు.

అతని ప్రయాణం తర్వాతి నెలలో పడింది. విమానాశ్రయానికి వెళ్తానని మామాని అడిగాను. కూతురు కాలేజీకి వెళ్లిపోయింది, పెద్దావిడకి ఆ వారం ఒకటే ఆయాసం, వదిలి వెళ్లడం కుదరదంది. ఆవిడ తప్పేమీ లేదు, ఆ పనికే కదా నేను సంతకం పెట్టింది. అతను విమానం ఎక్కిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను.

మధ్యాహ్నం పెద్దావిడ తలకి నూనె రాస్తుంటే ఫోన్ వచ్చింది. చేతులు జిడ్డు, స్పీకర్లో పెట్టాను. విమానాశ్రయం లోపలికి వచ్చేశానని, కిటికీ పక్క సీటు ఇచ్చారని, ఊళ్లో దిగగానే ఫోన్ చేస్తానని చెప్పాడు. నేను ఊఁ ఊఁ అంటూ ఉన్నాను. ఇంక పెట్టేస్తాడనగా, నెల రోజులుగా నోట్లో నానుతున్నది బయటికొచ్చింది.

"బావా, రెండేళ్లు నేను ఇక్కడ ఉండనా?"

అటువైపు ఎవరినో మైకులో పిలుస్తున్నారు.

"అడిగేవు కదా" అన్నాడు. "ఉండు."

ఫోన్ పెట్టేశాక పెద్దావిడ వెనక్కి తిరిగి నా మొహం చూసింది. నూనె సంగతి రేపు చూద్దాం, పోయి నీ గదిలో పడుకో అంది. నేను పోలేదు. గడియ పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చోవాలని ఆ వేళ నాకు అస్సలు అనిపించలేదు. ఆవిడ కాళ్ల దగ్గరే కూర్చుని, డ్యూటీ అయ్యేదాకా ఏడ్చాను.